నాన్నకి ఊపిరితిత్తుల మార్పిడి అవుతుందో లేదో తెలియని ఈ నెలల్లో ఏం చేయాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ నాన్నగారికి 58 ఏళ్లు, లంగ్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడే జబ్బు), కూర్చుని ఉన్నప్పుడే నిమిషానికి 3 లీటర్ల ఆక్సిజన్ కావాలి, బాత్రూమ్ దాకా వెళ్లొస్తే పది నిమిషాలు ఆయాసం. ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్‌లో చూసి "ఇప్పుడే లిస్టులో (దాత ఊపిరితిత్తుల కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో) పెట్టం, మూడు నెలల తర్వాత రండి" అన్నారు. అప్పటి నుంచి ఆయన మంచం దిగడం లేదు, ఆక్సిజన్ పెట్టుకుంటే అలవాటైపోతుందని తీసి పక్కన పెడుతున్నారు, ఇంట్లో మీరంతా ఆయన్ని కాలు కదపనివ్వకుండా చూసుకుంటున్నారు. ఈ మూడు నెలలూ ఏం చేయాలి, అసలు మార్పిడి జరుగుతుందా అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు. ఇదే జబ్బుతో నాలుగేళ్లు గడిపాను, అందులో పద్నాలుగు నెలలు లిస్టులో ఉన్నాను, రెండు ఊపిరితిత్తులూ మార్చి ఇప్పటికి ఐదేళ్లు దాటింది. అప్పటి నుంచి ఇలా ఎదురుచూసేవాళ్లతో, వాళ్ల ఇంట్లోవాళ్లతో మాట్లాడుతూనే ఉన్నాను. మందుల సంగతి, మోతాదుల సంగతి మీ డాక్టర్లే చెప్పాలి, నేను వాటి జోలికి పోను. రోజు ఎలా గడపాలో మాత్రం చెప్పగలను.

ఆయన ఊపిరితిత్తుల్ని మీరు గానీ ఆయన గానీ బాగుచేయలేరు. మచ్చకట్టి గట్టిపడిన భాగం మళ్లీ మెత్తబడదు. 2014లో అమెరికాలో అనుమతి వచ్చిన పిర్‌ఫెనిడోన్, నింటెడానిబ్ అనే మందులు కూడా జబ్బు ముదిరే వేగాన్ని తగ్గిస్తాయే తప్ప పోయినదాన్ని వెనక్కి తేలేవు. కానీ కాళ్లలో సత్తువ నిలుపుకోవడం ఆయన చేతిలోనే ఉంది, ఈ మూడు నెలల్లో మీ ఇంటి అసలు పని అదేనని నా గట్టి నమ్మకం. మంచం మీద గడిచిన ప్రతి వారం తొడల కండ కరుగుతుంది. బలహీనపడిన కండ అవే నాలుగడుగులకి ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది, దాంతో ఆయాసం ఇంకా ముందే వస్తుంది, ఆయాసం వస్తుందన్న భయంతో మనిషి ఇంకా కదలడు, ఇంకాస్త కండ పోతుంది. జబ్బు పెరిగిపోయిందని ఇంట్లో అందరూ బెంగపడతారు గానీ, ఆ ఆయాసంలో కొంత మంచం తెచ్చిపెట్టిందే.

నాకు జరిగింది ఇదే. లిస్టులోకి ఎక్కకముందు రెండు నెలలు దాదాపు పడుకునే ఉన్నాను, విశ్రాంతి ఇస్తే ఊపిరితిత్తులకి మంచిదని మా ఇంట్లో అందరం నమ్మాం. తర్వాత ఆరు నిమిషాల నడక పరీక్షలో 190 మీటర్లు నడిచాను, అంతకు ముందు అదే వరండాలో 310 నడిచినవాణ్ణి. డాక్టర్ పాత స్కాన్, కొత్త స్కాన్ పక్కపక్కన పెట్టి చూపించి, "ఊపిరితిత్తులు పెద్దగా మారలేదండీ, మీ కాళ్లు పోయాయి" అన్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆవిడతో, ఇక నాకు మంచినీళ్లు అందించొద్దు, నేనే లేచి తాగుతాను అని చెప్పాను. ఆమెకి చాలా కష్టమైంది, పక్కనే నిలబడి చూస్తూ ఏడ్చేది. మీకూ కష్టంగానే ఉంటుంది.

సెంటర్‌లో నడక ఒక్కటే చూడరు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతోంది, నాలుగు మీటర్ల దూరం ఎంత వేగంగా నడుస్తున్నారు, ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి తూలకుండా నిలబడగలరా అని కూడా చాలా చోట్ల కొలుస్తారు. ఇవి చిన్న పరీక్షల్లా కనిపిస్తాయి, కానీ వీటిలో బాగా వెనకబడినవాళ్లు లిస్టులో ఉండగానే చనిపోవడం గానీ లిస్టు నుంచి తీసేయాల్సి రావడం గానీ ఎక్కువని పరిశోధనల్లో తేలింది. అంత పెద్ద ఆపరేషన్ అయ్యాక ఛాతీకి గొట్టాలతో ఒకటి రెండు రోజుల్లోనే లేపి నిలబెడతారు, అప్పుడు నిలబడే బలం ముందే ఒంట్లో ఉండాలి.

కాబట్టి కుర్చీతో మొదలుపెట్టించండి. ఆక్సిజన్ పెట్టుకునే, నడిచేటప్పుడు ఎంత ఫ్లో (నిమిషానికి ఎన్ని లీటర్లు) పెట్టమన్నారో అంత పెట్టుకుని, గట్టి కుర్చీలోంచి ఊపిరి వదులుతూ లేవాలి, నిదానంగా కూర్చోవాలి. మొదటి రోజు రెండుసార్లే లేవగలిగితే రెండే. సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) తేరుకునేదాకా ఆగి మళ్లీ రెండు. రోజుకి మూడు పూటలు. రెండు రోజులకోసారి ఒక్కటి పెంచండి. నడకకి ఇంట్లో పది అడుగులకొక కుర్చీ వేయండి, ఒక నిమిషం నడిచి ఒక నిమిషం కూర్చోవడం, ఒకే ఊపున దూరం పోవాలన్న పట్టుదల ఇక్కడ పనికిరాదు. సాచురేషన్ ఎంత వరకు పడితే ఆగాలో మీ డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోండి, చాలామందికి 88 శాతం అని చెబుతారు గానీ మీ నాన్నగారి గుండె పరిస్థితిని బట్టి వేరుగా ఉండొచ్చు. తల తిరిగినా, గుండెలో నొప్పి వచ్చినా, కళ్లు బైర్లు కమ్మినా ఆ రోజుకి ఆపేసి డాక్టర్‌కి చెప్పాలి. పల్మనరీ రిహాబ్ (ఊపిరితిత్తుల రోగులకి దగ్గరుండి వ్యాయామం చేయించే చోటు) అందుబాటులో ఉంటే మాత్రం ఇదంతా వాళ్ల చేతుల్లో పెట్టండి. శ్వాస జబ్బుల ఫిజియోథెరపిస్ట్ ఎదురుగా ఉంటే ఆయనకి ధైర్యం వస్తుంది, ఆయాసం వచ్చినా చచ్చిపోను అన్నది ఒంటికి తెలిసొస్తుంది. నాకు రిహాబ్‌లో దొరికిన అన్నిటికంటే పెద్ద లాభం అదే.

ఇక ఆక్సిజన్. అలవాటైపోతుందన్న భయం మీ నాన్నగారొక్కరిదే కాదు, నేను మాట్లాడినవాళ్లలో సగం మందిదీ. ఆక్సిజన్ మత్తుమందు కాదు, ఎన్నేళ్లు పెట్టుకున్నా ఒళ్లు దానికి బానిస కాదు. ముందు 2 లీటర్లతో సరిపోయినవాళ్లకి ఇప్పుడు 3 కావలసి వస్తోందంటే జబ్బు ముందుకెళ్లింది కాబట్టే, ఆక్సిజన్ పెట్టుకున్నందుకు కాదు. తీసి పక్కన పెట్టినప్పుడు జరిగేది ఇదీ: రక్తంలో ఆక్సిజన్ పడిపోయినప్పుడల్లా ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు బిగుసుకుంటాయి, వాటిలోంచి రక్తాన్ని తోయడానికి గుండె కుడివైపు భాగం మోయలేని బరువు మోస్తుంది, అలా నెలల తరబడి సాగితే గుండె అలిసిపోతుంది, కాళ్లు వాస్తాయి. మార్పిడి చేయాలంటే గుండె నిలబడి ఉండాలి కదా. ఈ మాట మీ నాన్నగారితో సూటిగా చెప్పండి, గొట్టం పెట్టుకునేది గుండెని కాపాడుకోవడానికి అని. అలవాటు గురించి వాదించడం కంటే ఇది బాగా పనిచేస్తుంది.

1980, 1981 సంవత్సరాల్లో అమెరికా, బ్రిటన్‌లలో వచ్చిన రెండు పరిశోధనల్లో, రక్తంలో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉన్న సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలిగొట్టాలు ఇరుకయ్యే జబ్బు) రోగులు రోజుకి 15 గంటలు, అంతకు మించి ఆక్సిజన్ మీద ఉంటే ఎక్కువ కాలం బతికారని తేలింది. ఫైబ్రోసిస్‌కీ డాక్టర్లు అదే లెక్క పాటిస్తారు. మీరు అడగాల్సింది ఒక్క అంకె కాదు, మూడు: కూర్చున్నప్పుడు ఎంత, నడిచేటప్పుడు ఎంత, నిద్రలో ఎంత. చాలామందికి కూర్చున్నప్పటి లెక్క ఒక్కటే రాసిస్తారు, ఇంటికొచ్చి అదే ఫ్లోతో నడుస్తారు, సాచురేషన్ 80ల్లోకి పడిపోతుంది, నడక నాకు పడదని ఆపేస్తారు. ఫైబ్రోసిస్‌లో కదిలితే సాచురేషన్ చాలా వేగంగా పడుతుంది, అందుకే నడిచేటప్పటి ఫ్లో విడిగా తేల్చుకోవాలి. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా సీఓపీడీ ఉంటే మాత్రం సొంతంగా ఫ్లో పెంచకండి, కొందరికి ఆక్సిజన్ మరీ ఎక్కువైతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగతలోకి వెళ్లిపోతారు, అలాంటివాళ్లకి 88 నుంచి 92 మధ్య ఉంచమని చెబుతారు.

మెషిన్ విషయంలో కొన్ని మాటలు. ఇంట్లో వాడే కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మెషిన్) ఎన్ని లీటర్ల దాకా ఇవ్వగలదో చూసుకోండి, 5 లీటర్ల మెషిన్ అయితే ఆయన అవసరం దాన్ని దాటే రోజు ముందే ఊహించాలి. కరెంటు పోయినప్పటి కోసం నిండు సిలిండర్ ఒకటి ఎప్పుడూ ఉండాలి, అది ఎంతసేపు వస్తుందో మీకు నోటికి రావాలి. లెక్క తేలికే, లోపల ఉన్న గ్యాస్ లీటర్లని ఫ్లోతో భాగించడమే: 1500 లీటర్లున్న సిలిండర్ 3 లీటర్ల మీద 500 నిమిషాలు, అంటే ఎనిమిది గంటల పైచిలుకు, 6 లీటర్ల మీద అందులో సగం. బయటికి తీసుకెళ్లే చిన్న మెషిన్లు కొనేముందు జాగ్రత్త, వాటిలో చాలావరకు ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే ఒక్కో విసురుగా ఇస్తాయి, దాని మీద 3 అని ఉంటే నిమిషానికి 3 లీటర్లని కాదు. దాన్ని పెట్టుకుని ఆయన్ని నడిపించి సాచురేషన్ చూసి అప్పుడు కొనండి. ఆక్సిజన్ ఉన్న గదిలో పొయ్యి, అగ్గిపుల్ల, సిగరెట్, దీపం ఏదీ ఉండకూడదు, వాడనప్పుడు మెషిన్ ఆపేయాలి, ముక్కు ఎండిపోతే పెట్రోలియం జెల్లీ కాకుండా నీటితో చేసిన జెల్ రాయాలి.

పల్స్ ఆక్సీమీటర్ గురించి మీరు రాసింది చదివి నా సంగతే గుర్తొచ్చింది, రాత్రి నాలుగుసార్లు లేచి ఆయన వేలికి పెట్టి చూస్తున్నానన్నారు. ఆ పని ఆపండమ్మా. నేను నిద్రలో కూడా వేలికి పెట్టుకుని పడుకునేవాణ్ణి, ఒక్క అంకె తగ్గితే గుండె దడ మొదలయ్యేది, ఆ దడకి ఇంకో రెండు తగ్గేది. చల్లబడిన వేలు, గోళ్ల రంగు, కదులుతున్న చెయ్యి, వీటన్నిటితో అది తప్పు చూపిస్తుంది. రంగు ముదురుగా ఉన్న చర్మంలో ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చని కూడా 2020 తర్వాత గట్టిగా చెబుతున్నారు, కాబట్టి 91 కనిపిస్తోంది కదా అని ఆయన ఆయాసాన్ని కొట్టిపారేయకండి. పొద్దున ఒకసారి, వ్యాయామంలో, ఒంట్లో తేడా అనిపించినప్పుడు చూడండి, వేలు వెచ్చబడ్డాక ఒక నిమిషం ఆగి వచ్చిన అంకె పుస్తకంలో రాయండి. రాత్రి సంగతి తెలుసుకోవాలంటే తెల్లవార్లూ రికార్డు చేసే పరీక్ష ఉంటుంది, ఒక్కసారి చేయించి ఫ్లో సరిచేయించుకుంటే మీరిద్దరూ నిద్రపోవచ్చు.

ఆయాసం ఒక్కసారిగా కమ్ముకొచ్చినప్పుడు ఏం చేయాలో ఆయన మామూలుగా ఉన్నప్పుడే ఇంట్లో అనుకోండి. ముందుకు వంగి మోచేతులు బల్ల మీద గానీ మోకాళ్ల మీద గానీ ఆనించి కూర్చోవాలి, భుజాలు వదులు చేయాలి. చిన్న ఫ్యాన్ ముఖానికి దగ్గరగా, ముక్కూ బుగ్గల మీద గాలి తగిలేలా పెట్టండి. ముఖం మీద చల్లగాలి తగిలితే ఊపిరాడనితనం తగ్గినట్టు మెదడుకి అనిపిస్తుంది, ఇది పరీక్షించి చూసిన విషయమే. పీల్చడం మీద కాకుండా వదలడం మీద మనసు పెట్టమనండి. పెదాలు సన్నగా చేసి ఊదడం సీఓపీడీ వాళ్లకి బాగా పనిచేస్తుంది, ఫైబ్రోసిస్‌లో అంత లాభం కనిపించకపోవచ్చు, ఆయనకి సుఖంగా ఉంటేనే చేయమనండి. మీరంతా చుట్టూ మూగి "ఎలా ఉంది, ఏమైంది" అని అడగొద్దు, ఆ సమయంలో ఒక్క మాటకి జవాబు చెప్పాలన్నా ఊపిరి ఖర్చవుతుంది. ఒక్కరు పక్కన కూర్చోండి, వీపు మీద చెయ్యి వేయండి. మాకు ఒక సైగ ఉండేది, నేను రెండు వేళ్లు ఎత్తితే తగ్గుతోందని, అరచెయ్యి చూపిస్తే ఫోన్ చేయమని. అలాంటిది ఒకటి మీరూ పెట్టుకోండి.

స్నానం, బట్టలు మార్చుకోవడం, మెట్లు, ఈ మూడే రోజులో ఉన్న బలమంతా తినేస్తాయి. స్నానం కుర్చీలో కూర్చుని, ఆక్సిజన్ తీయకుండా, పొడవాటి ట్యూబ్‌తో. తుడుచుకోవడం కంటే మందపాటి తువ్వాలు కప్పుకుని ఐదు నిమిషాలు కూర్చోవడం మేలు. కడుపు నిండా ఒకేసారి తింటే పొట్ట పైకి తన్ని ఊపిరాడదు, కొద్దికొద్దిగా ఐదారుసార్లు తినాలి. బరువు పడిపోతుంటే ఊరుకోకండి, ఊపిరి తీయడానికే ఆయన ఒంట్లో శక్తి చాలా ఖర్చవుతోంది, ప్రోటీన్ సరిపడా అందాలి. బరువు ఎక్కువైనా సెంటర్‌లో అడ్డు చెబుతారు, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 30 దాటితే తగ్గమనడం, 35 దాటితే ఒప్పుకోకపోవడం చాలా చోట్ల ఉంది. దంతాల డాక్టర్‌కి ఇప్పుడే చూపించండి, పుచ్చుపన్నులో ఇన్ఫెక్షన్ ఉంటే లిస్టు దగ్గర ఆగిపోతారు. టీకాలన్నీ ఈ నెలల్లోనే అడిగి వేయించండి, ఫ్లూ, న్యూమోకాకల్, కోవిడ్, హెపటైటిస్ బి. మార్పిడి తర్వాత వాడే మందుల వల్ల టీకాలు ఇంత బాగా పట్టవు, కొన్నయితే అసలు వేయరు. ఇంట్లోవాళ్లు కూడా వేయించుకోవాలి. పొగ తాగేవాళ్లు ఇంట్లో ఉంటే ఇక ఇంట్లో తాగకూడదు, ఆయన కనీసం ఆరు నెలలు పొగాకు ముట్టకుండా ఉండాలని చాలా సెంటర్లు అడుగుతాయి, రక్తంలోనో మూత్రంలోనో పరీక్ష చేసి మరీ చూస్తాయి.

ఇంకో సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. రక్తం ఎక్కించాల్సిన పరిస్థితి వస్తే, మార్పిడికి చూస్తున్నారని అక్కడి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఇతరుల రక్తం ఎక్కినప్పుడు ఒంట్లో పరాయి కణాల మీద దాడి చేసే యాంటీబాడీలు తయారై, ఆ తర్వాత సరిపోయే దాత దొరకడం కష్టమవుతుంది. ప్రాణం మీదికి వస్తే ఎక్కించాల్సిందే, కానీ అంత అవసరం లేనప్పుడు ఆగుతారు.

"మూడు నెలల తర్వాత రండి" అన్న మాటని మీ నాన్నగారు తలుపు మూసేసినట్టు విన్నారు. నాకు అలా అనిపించడం లేదు. లిస్టులో పెట్టడానికి ఒక సమయం ఉంటుంది. మార్పిడి చేయకపోతే రెండేళ్లలో చనిపోయే అవకాశం సగానికి మించి ఉన్నవాళ్లకి ఇది చేయాలన్నది ఈ రంగంలో పాటించే పెద్ద సూత్రం. మరీ ముందు చేస్తే సొంత ఊపిరితిత్తులతో గడిచే మంచి కాలాన్ని పోగొట్టుకుంటారు, మరీ ఆలస్యమైతే ఆపరేషన్ తట్టుకోలేరు. ఫైబ్రోసిస్ ఎప్పుడు ఒక్కసారిగా ముదురుతుందో చెప్పలేం కాబట్టే జబ్బు తేలిన వెంటనే సెంటర్‌కి పంపాలని 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పంపడం వేరు, లిస్టులో పెట్టడం వేరు. ఆరు నెలల్లో ఎఫ్‌వీసీ (నిండుగా పీల్చి బలంగా వదలగలిగే మొత్తం గాలి) 10 శాతం పడిపోవడం, నడకలో 50 మీటర్లకి మించి తగ్గడం, నడిచేటప్పుడు సాచురేషన్ 88 కిందకి పోవడం, ఊపిరితిత్తుల్లో బీపీ పెరగడం, ఆయాసం ముదిరి ఆస్పత్రిలో చేరాల్సి రావడం, వీళ్లు కనిపెట్టి చూసేవి ఇలాంటివే. అందుకే మధ్యలో ఏదైనా పడిపోతే మూడు నెలలు పూర్తయ్యేదాకా ఆగకండి, ఆ వారమే కోఆర్డినేటర్‌కి ఫోన్ చేయండి. ఎందుకు పెట్టలేదో, ఏది మారితే పెడతారో అక్కడ సూటిగా అడిగి రాయించుకోండి. బరువా, కాళ్ల బలమా, స్టెరాయిడ్ మోతాదా, గుండె రక్తనాళాలా, లేక ఇంకా అంత అవసరం రాలేదా? జవాబుని బట్టి మీ మూడు నెలల పని మారిపోతుంది.

జరుగుతుందా అన్నదానికి నిజాయితీగా చెప్పాలి. జరగకపోవచ్చు. బ్లడ్ గ్రూప్ కలవాలి, ఛాతీ కొలతకి సరిపోవాలి, యాంటీబాడీలు అడ్డురాకూడదు. అవయవాలు దానం చేసినవాళ్లలో కూడా ఊపిరితిత్తులు వాడుకునే స్థితిలో ఉండేది తక్కువమందికే, సుమారు ఐదుగురిలో ఒకరికి, ఎందుకంటే బ్రెయిన్ డెడ్ అయ్యే లోపే వాటికి ఇన్ఫెక్షనో నీరు చేరడమో జరుగుతుంది. నాకు మూడుసార్లు ఫోన్ వచ్చింది. మొదటిసారి బట్టలు మార్చి, ఛాతీ శుభ్రం చేసి, నాలుగు గంటలు పడుకోబెట్టాక, సర్జన్ వచ్చి దాత ఊపిరితిత్తులు బాగాలేవని చెప్పి ఇంటికి పంపేశాడు. రెండోసారి సగం దారిలోనే వెనక్కి తిరగమన్నారు. ఇలాంటివి మామూలేనని ముందే తెలిసి ఉంటే మా అబ్బాయి ఆ రాత్రి అంత కుంగిపోయేవాడు కాదు, అందుకే మీకు ఇప్పుడే చెబుతున్నాను. ఫోన్ వచ్చాక అలా వెనక్కి పంపేస్తే, బాగాలేని ఊపిరితిత్తులు పెట్టకుండా ఎవరో ఒకరు కాపలా కాశారని అర్థం చేసుకోండి.

ఆ మధ్య ఇంకో బాధ కూడా వస్తుంది, మీ నాన్నగారు పైకి చెప్పకపోవచ్చు. ఎక్కడో ఒకరు పోవాలని కూర్చుని ఎదురుచూస్తున్నానా అని. నేను నెలల తరబడి ఈ మాటతో నలిగాను. ఆ మరణం మన కోసం జరగదు, మనం ఎదురుచూసినా చూడకపోయినా అది జరిగేదే, అంత దుఃఖంలో ఆ ఇంటివాళ్లు సరే అనడం ఒక్కటే మన దాకా వస్తుంది. నాకు పెట్టిన ఊపిరితిత్తులు ఎవరివో తెలియదు, ఇవాళ్టికీ పొద్దున మొదటి ఊపిరి నిండుగా తీసుకున్నప్పుడు వాళ్ల అమ్మానాన్నలు గుర్తొస్తారు.

అయినవాళ్లందరూ మార్పిడి తర్వాతి జీవితం గురించి కూడా వినాలి. 1963లో మొదటిసారి ఊపిరితిత్తి మార్చిన మనిషి 18 రోజులే బతికాడు, 1983లో టొరంటోలో చేసిన ఆపరేషన్‌తో గానీ ఏళ్ల తరబడి బతికించగలమని నమ్మకం రాలేదు. ఇప్పుడు మొదటి ఏడాది దాటేవాళ్లు వందకి 85 మంది పైన, ఐదేళ్లకి సగం మంది కంటే కాస్త ఎక్కువ ఉంటారు. కిడ్నీ, లివర్ మార్పిడులతో పోలిస్తే ఇది తక్కువే, ఎందుకంటే ఊపిరితిత్తులు ప్రతి శ్వాసకీ బయటి గాలికి తగులుతూ ఉంటాయి. కొత్త అవయవాన్ని ఒళ్లు తిరస్కరించకుండా ఆపే టాక్రోలిమస్ లాంటి మందులు జీవితాంతం, గడియారం చూసుకుని వేసుకోవాలి, ఇన్ఫెక్షన్ల భయం పోదు, కిడ్నీలు, షుగర్ కనిపెట్టుకుని ఉండాలి, కొత్త ఊపిరితిత్తుల్ని నెమ్మదిగా ఒళ్లు తిరస్కరించడం అన్నది ఐదేళ్లలో సుమారు సగం మందిలో మొదలవుతుంది. ఇవన్నీ తెలిసి కూడా నేను మళ్లీ ఒప్పుకుంటాను. అన్నీ విని వద్దనేవాళ్లని కూడా చూశాను, అది పిరికితనం కాదు. మీ నాన్నగారు ఏదంటే అది, కానీ అనేది ఆయనే కావాలి, మీరు ఆయన తరఫున అనుకోకూడదు.

పాలియేటివ్ కేర్ (జబ్బు బాధల్ని తగ్గించే వైద్యం) డాక్టర్‌ని కలవమని ఎవరైనా అంటే భయపడొద్దు. ఇక చేసేదేం లేదు అన్నప్పుడు పంపే చోటు అనుకుని మా ఇంట్లో ఆరు నెలలు వాయిదా వేశాం, ఆ ఆరు నెలలు అనవసరంగా బాధపడ్డాను. లిస్టులో ఉంటూనే వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. ఆగని దగ్గుకి, ఆయాసానికి, రాత్రి టెన్షన్‌కి వాళ్ల దగ్గర మార్గాలున్నాయి, కొందరికి చాలా తక్కువ మోతాదులో మార్ఫిన్ ఇస్తారు, అది ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కి చెప్పి వాడతారు. వెంటిలేటర్ మీద ఎంతవరకు ఉంచాలి, తను మాట్లాడలేకపోతే ఎవరి మాట చెల్లాలి అన్నది కూడా ఆయన్ని ఓపిక ఉన్నప్పుడే అడగండి. నేను మా అబ్బాయికి అరగంటలో చెప్పేశాను. ఆ తర్వాత మేమిద్దరం చాలా రోజుల తర్వాత హాయిగా కబుర్లు చెప్పుకున్నాం.

మీ సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, ఉద్యోగానికి సెలవు పెట్టేశానని. ఆపరేషన్ తర్వాత మొదటి నెలల్లో రాత్రీపగలూ పక్కన ఉండే మనుషుల పేర్లు సెంటర్ అడుగుతుంది, ఒక్కరి పేరు చాలదు. ఇప్పుడే మీ సెలవంతా వాడేస్తే అప్పుడు ఎవరుంటారు? బంధువుల్లో, స్నేహితుల్లో ఇంకో ఇద్దరిని ఇప్పటి నుంచే పనిలోకి దింపండి, సిలిండర్ మార్చడం, మెషిన్ ఫిల్టర్ కడగడం నేర్పండి. వీలైతే మీరు ఉద్యోగానికి వెళ్లండి. మీరు ఇంట్లో లేని గంటల్లో ఆయన తన పనులు తనే చేసుకోవడం మొదలుపెడతారు, దాన్ని నిర్లక్ష్యం అనుకోకండి. కూర్చుని చేసే పనులు ఆయనవి ఆయనకి తిరిగి ఇచ్చేయండి, ఇంటి లెక్కలు, ఫోన్లు, పిల్లల చదువులు ఏవైనా సరే. ఏడాది తర్వాత ఏం జరుగుతుందో తెలియనంత మాత్రాన ఈ మంగళవారం ఆయనది కాకుండా పోదు.

వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిన గుర్తులు ఫ్రిజ్ మీద అంటించండి: మామూలు ఫ్లోతో సాచురేషన్ ఎక్కిరాకపోవడం, ఒకటి రెండు రోజుల్లో ఆక్సిజన్ అవసరం పెరిగిపోవడం, జ్వరం, కఫం రంగు మారడం, ఉన్నట్టుండి ఒకవైపు ఛాతీలో పొడిచినట్టు నొప్పి, కఫంలో రక్తం, కాళ్లలో కొత్తగా వాపు, పొద్దున్నే తలనొప్పితో మగతగా ఉండి మాట తడబడటం. జ్వరం కదా రేపు చూద్దాం అనుకోవద్దు, ఫైబ్రోసిస్‌లో ఒక రాత్రి చాలా పెద్ద తేడా తెస్తుంది.

ఇప్పటికి ఒక పని చేయండి. ఈ వారం రోజులూ ఆయన ఆక్సిజన్ పెట్టుకుని కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలిగారు, అప్పుడు సాచురేషన్ ఎంత దాకా పడింది, మళ్లీ పైకి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఈ మూడూ రోజూ ఒకే సమయంలో రాసి పెట్టండి, ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి. ఎఫ్‌వీసీ, ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో ఊపిరితిత్తుల బీపీ ఎంతుందో కూడా చూసి ఇక్కడ రాయండి, సెంటర్‌లో మళ్లీ కలిసినప్పుడు ఏమేం అడగాలో కూర్చుని రాసిస్తాను.